సౌండ్ ఆన్ చెయ్యి అన్నయ్యా: చిన్న గేముల చప్పుళ్ల వెనక కథ

ఈ ఎపిసోడ్ ఒక అవమానంతో మొదలుపెడతాను. నాకు జరిగిందే.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో నేనూ మా రూమ్మేటూ కలిసి ఒక గేమ్ చేశాం. ఎడ్లబండి పరుగు గేమ్. బండి దానంతటది పోతూ ఉంటుంది, మధ్యలో గుంతలు వస్తాయి, రాళ్లు వస్తాయి, ఒక గేదె అడ్డంగా నిలబడుతుంది, మనం దూకించాలి. ఎడ్లబండి ఎలా దూకుతుందని మాత్రం అడగొద్దు. నాలుగు నెలలు పట్టింది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా బాబాయి కూతురి చేతికి ఫోనిచ్చి ఆడమన్నాను. ముప్పై సెకన్లు ఆడింది. తలెత్తి, "సౌండ్ ఆన్ చెయ్యి అన్నయ్యా" అంది.

సౌండ్ ఆన్‌లోనే ఉంది. గేమ్‌లోనే లేదు.

బొమ్మల గురించి మేం నాలుగు నెలలు కొట్టుకున్నాం. చప్పుడు గురించి నాలుగు నిమిషాలు కూడా ఆలోచించలేదు. తర్వాత కాస్త చరిత్ర తిరగేస్తే తెలిసిందేంటంటే, ఈ పొరపాటు మాతో మొదలవలేదు. గేముల్లో సౌండ్ అనేది ఎప్పుడూ చివర్లో, జాగా అయిపోయాక, టైం అయిపోయాక గుర్తొచ్చేదే. అలా చివరి నిమిషంలో ఏదో ఒకటి చేసినవాళ్ల కథే ఇది.

1972కి వెళ్దాం. కాలిఫోర్నియా. అటారి అనే కొత్త కంపెనీలో అల్ ఆల్కార్న్ అనే కుర్ర ఇంజినీరు చేరాడు. అతనికి చెయ్యి తిరగాలని బాస్ నోలన్ బుష్‌నెల్ ఒక చిన్న పని ఇచ్చాడు: తెర మీద ఒక బంతి, రెండు బ్యాట్లు, అంతే. అదే పాంగ్. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి. పాంగ్‌లో ప్రోగ్రామ్ లేదు, ప్రాసెసర్ లేదు. అంతా చిప్పులూ తీగలూ కలిపి అతికించిన సర్క్యూట్. బంతి కూడా సర్క్యూటే.

గేమ్ దాదాపు అయిపోయాక సౌండ్ కావాలన్నారు. బుష్‌నెల్‌కి వేలమంది జనం కేకలు వేస్తున్నట్టు ఉండాలట. అతని భాగస్వామి టెడ్ డాబ్నీకి మాత్రం ఓడినవాణ్ణి జనం గేలి చేస్తున్నట్టు ఉండాలట. ఆల్కార్న్ దగ్గర ఆ రెండిట్లో ఏదీ చెయ్యడానికి చిప్పులు మిగల్లేదు. అప్పుడేం చేశాడంటే, టీవీ బొమ్మ నిలకడగా ఉండడానికి ఆ సర్క్యూట్‌లో అప్పటికే తిరుగుతున్న సింక్ సిగ్నల్స్ ఉంటాయి కదా, వాటినే తడిమి చూశాడు. వినడానికి బాగున్న ఒక టోన్ దొరికింది. బంతి తగిలినప్పుడు ఆ టోన్ స్పీకర్‌కి వెళ్లేలా కలిపేశాడు. పూట పని. కొత్తగా ఏమీ తయారుచెయ్యలేదు, ఇంట్లో ఉన్నదాంతోనే వండేశాడు. యాభై ఏళ్లు దాటినా, టేబుల్ టెన్నిస్ గేమ్ అనగానే మనకి వినబడేది ఆ టిక్ టిక్కే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. 1978, జపాన్. టైటో కంపెనీలో టొమొహిరో నిషికాడో దాదాపు ఒక్కడే కూర్చుని స్పేస్ ఇన్‌వేడర్స్ చేశాడు. పైనుంచి 55 మంది గ్రహాంతరవాసులు, వరసకి పదకొండు మంది చొప్పున అయిదు వరసలు, అటూ ఇటూ జరుగుతూ కిందకి దిగుతుంటారు. మనం కింద నుంచి కాల్చాలి. దాని సంగీతం ఎలా ఉంటుందో చెప్తాను, వినండి.

(టేబుల్ మీద నెమ్మదిగా నాలుగుసార్లు కొడుతూ) డుం... డుం... డుం... డుం.

అంతే. నాలుగు స్వరాలు, పైనుంచి కిందకి దిగుతూ. మళ్లీ అవే నాలుగు. మళ్లీ అవే. అసలు దీన్ని సంగీతం అనాలా అని మీకు అనిపించొచ్చు. కానీ ఆటంతా ఆగకుండా నడిచే నేపథ్య ధ్వని ఉన్న తొలి గేముల్లో ఇదొకటి. అసలు కిటుకు ఇంకోటుంది. మీరు శత్రువుల్ని కాల్చేకొద్దీ ఆ నాలుగు స్వరాలు దగ్గరవుతాయి. యాభై మంది ఉన్నప్పుడు నింపాదిగా. పదిమందే మిగిలితే (వేగంగా కొడుతూ) ఇలా. ఒక్కడే మిగిలితే గుండె నోట్లోకొచ్చేస్తుంది.

ఎందుకలా? ప్రాసెసర్ ఇంటెల్ 8080. బలహీనం. ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్క శత్రువునే కదపగలదు. 55 మంది ఉంటే గుంపు మొత్తం ఒక అడుగు వెయ్యడానికి 55 ఫ్రేములు పడుతుంది. తక్కువ మంది ఉంటే అడుగు త్వరగా పడుతుంది. అంటే శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా పరిగెత్తుతారు. యంత్రం తాలూకు లోపం అది. నిషికాడో దాన్ని సరిచెయ్యకుండా వదిలేశాడు, ఎందుకంటే ఆట అలాగే బాగుంది. సంగీతం వేగాన్ని కూడా మిగిలిన శత్రువుల లెక్కకే కట్టాడు. ఇప్పుడు మీరు ఆడే ఏ రన్నర్ గేమ్‌లోనైనా వేగం పెరిగేకొద్దీ పాట వేగం పెరుగుతోందంటే, దాని తాత ఈ నాలుగు డుంలే.

1980లో ప్యాక్‌మ్యాన్ వచ్చింది. దాని గురించి ఒక్క ముక్క. ఆట మొదలయ్యే ముందు తోషియో కై కట్టిన నాలుగు సెకన్ల ట్యూన్ ఒకటి వస్తుంది. అది అయ్యేదాకా తెర మీద ఎవరూ కదలరు. ఇంట్రో అంటే లోగో తిప్పడం అనుకుంటాం మనం. ప్యాక్‌మ్యాన్‌లో అది "చెయ్యి సర్దుకో, మొదలుపెడుతున్నా" అని చెప్పడం. నాలుగు సెకన్లే. ఇప్పుడు కొన్ని మొబైల్ గేముల్లో మూడు లోగోలూ ఒక కథా అయ్యేసరికి బస్ స్టాప్ వచ్చేస్తుంది.

తొంభైల్లో పుట్టినవాళ్లకి టీవీకి తగిలించి ఆడే క్యాసెట్ వీడియో గేమ్ గుర్తుండే ఉంటుంది. ఎక్కువగా అవి జపాన్ వాళ్ల ఫ్యామికామ్‌కి నకళ్లు. దాంట్లో మారియో ఆడినప్పుడు ఈసారి జాగ్రత్తగా వినండి. మారియో ఎగిరినప్పుడు పాటలో ఒక గొంతు క్షణంసేపు మాయమవుతుంది. ఎందుకంటే ఆ చిప్‌లో ఉన్నవి మొత్తం అయిదు దారులు. రెండు చతురస్ర తరంగాలు, ఒక త్రిభుజం, ఒక రొద, ఒకటి రికార్డు చేసిన చిన్న ముక్కలకి. పాటా ఎగురుడూ ఒకే దారి పంచుకోవాలి. ఎగిరినప్పుడు పాట పక్కకి తప్పుకుంటుంది. 1985లో కోజీ కొండో కట్టిన ఆ పాట వింటూ పెరిగిన మనలో ఎవరూ ఆ ఖాళీని పట్టించుకోలేదు. అదీ పనితనమంటే.

సరే, ఇక్కడిదాకా కంపెనీల కథ. ఇద్దరు కుర్రాళ్లు హాస్టల్ గదిలో కూర్చుని చేసే గేముల కథకి అసలు మూలం వేరే చోట ఉంది. అది కాస్త దొంగ కథ.

1982లో కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ వచ్చింది. దాంట్లో సిడ్ అనే సౌండ్ చిప్ ఉంది. దాన్ని రూపొందించిన బాబ్ యానెస్‌కి సంగీతం పిచ్చి. మామూలు కంప్యూటర్ చిప్పులు బీప్ అంటున్న రోజుల్లో, ఇతను అందులో ఏకంగా ఒక సింథసైజర్ పెట్టేశాడు. గొంతులు మాత్రం మూడే. మూడు గొంతులతో ఒక పక్క తాళం, ఒక పక్క బేస్, పైన రాగం, మధ్యలో కార్డ్ కూడా కావాలంటే ఎలా? యూరప్‌లో రాబ్ హబ్బర్డ్ లాంటి వాళ్లు ఒక మాయ చేశారు. కార్డ్‌లోని మూడు స్వరాల్నీ ఒకే గొంతుతో ఒకదాని వెంట ఒకటి, సెకనుకి 50 సార్లు మార్చేశారు. చెవి మోసపోతుంది. ఆ గరగరలాడే, వణికే శబ్దమే ఇవాళ మనం చిప్‌ట్యూన్ అని ముద్దుగా పిలుచుకునేది. లేమిలోంచి వచ్చింది అది, స్టైల్ కోసం కాదు.

ఆ కంప్యూటర్ గేములకి కాపీ కొట్టకుండా తాళాలు వేసేవాళ్లు. ఆ తాళాలు విరగ్గొట్టే కుర్రాళ్ల గుంపులు యూరప్ నిండా ఉండేవి. విరగ్గొట్టాక ఊరికే పంచితే ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది? అందుకని గేమ్‌కి ముందు తమ సొంత ఇంట్రో అతికించేవాళ్లు. గుంపు పేరు పెద్ద లోగోగా తిరుగుతుంది, కింద అక్షరాలు పాములా పాకుతూ స్నేహితులకి సలాములు, ఎదుటి గుంపుకి తిట్లు. వెనకాల సంగీతం. ఇదంతా డిస్క్‌లో గేమ్ పోగా మిగిలిన కాసింత చోటులో ఇమడాలి. మెల్లగా ఏమైందంటే, ఇంట్రో ఎవరిది బాగుందన్న పోటీ పెరిగిపోయి, గేమ్‌లూ దొంగతనమూ పక్కకి పోయాయి. ఉత్త ఇంట్రోలే చేసేవాళ్లు తయారయ్యారు. దాన్నే డెమోసీన్ అంటారు. 2020లో ఫిన్లాండ్ దీన్ని తమ దేశపు సజీవ సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చుకుంది. తాళాలు విరగ్గొట్టిన చోటి నుంచి అక్కడిదాకా.

మనకేంటి సంబంధం అంటారా? ఉంది. రెండువేల సంవత్సరం తర్వాత కోఠి ఫుట్‌పాత్ మీదో, మీ ఊళ్లో సీడీల కొట్లోనో కొన్న గేమ్ సీడీ గుర్తుందా? ఇన్‌స్టాల్ అయ్యాక సీరియల్ నంబర్ అడిగేది. సీడీలోనే ఉన్న ఒక చిన్న ప్రోగ్రామ్ తెరిస్తే నంబర్ ఇచ్చేది. అది తెరవగానే స్పీకర్లలోంచి పెద్దగా ఒక హుషారైన ట్యూన్ వచ్చి, పక్క గదిలో నాన్న లేచేవారు. ఆ ట్యూన్ ఈ వంశం నుంచి వచ్చిందే. అది చేసినవాడి పేరు మనలో ఎవరికీ తెలియదు. దొంగ సీడీ కొన్నాం, దాంతో పాటు ఒక అజ్ఞాత సంగీతకారుణ్ణి విన్నాం.

ఆ ట్యూన్లు ఎలా చేసేవాళ్లు? 1987లో కార్‌స్టెన్ ఒబార్‌స్కి అనే జర్మన్ ప్రోగ్రామర్ అమిగా కంప్యూటర్‌కి అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అని ఒకటి చేశాడు. కర్ణాటక సంగీతం నొటేషన్ కాదు, స్టాఫ్ నొటేషనూ కాదు. లెక్కల పుస్తకంలా నిలువు గడులు. నాలుగు గడులు, నాలుగు వాయిద్యాలు. పైనుంచి కిందకి వరస తర్వాత వరస చదువుకుంటూ పోతుంది. ఏ గడిలో ఏ స్వరం ఉంటే అది మోగుతుంది. సంగీతం రానివాడు కూడా కూర్చుని పాట కట్టొచ్చు. వాయిద్యాల నమూనాలూ స్వరాల వరసా ఒకే ఫైల్‌లో ఉండడం వల్ల సైజు చాలా చిన్నది. ఇలాంటివాటినే ట్రాకర్లు అన్నారు. 1998 నాటి అన్‌రియల్ లాంటి పెద్ద గేమ్ సంగీతం కూడా ట్రాకర్లలోనే తయారైంది.

మా అన్నయ్య నోకియా ఫోన్‌లో కంపోజర్ ఉండేది. 1 నుంచి 7 దాకా నొక్కితే ఏడు స్వరాలు, సున్నా నొక్కితే విరామం. నోట్‌బుక్ వెనక పేజీలో సినిమా పాటలకి నంబర్లు రాసుకుని ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లు. స రి గ మ తెలియకుండానే స్వరాలు రాసిన తరం అది. ట్రాకర్ అంటే దాదాపు అదే, నాలుగు ఫోన్లు ఒకేసారి మోగినట్టు.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పాలి. 2000లో ఫిన్లాండ్‌లో అసెంబ్లీ అనే డెమోసీన్ పండగ జరిగింది. అందులో యాన్నె సూని అనే కుర్రాడు నాలుగు గడుల అమిగా పాట ఒకటి పంపి పాత పద్ధతి సంగీతం పోటీలో గెలిచాడు. పేరు యాసిడ్‌జాజ్డ్ ఈవినింగ్. తర్వాత నార్వేకి చెందిన గ్లెన్ గల్లెఫోస్ దాన్ని కమొడోర్ 64కి మార్చాడు. 2006లో అమెరికాలో నెల్లీ ఫుర్టాడో ఆల్బమ్‌లో టింబలాండ్ చేసిన ఒక పాట వచ్చింది. వినగానే డెమోసీన్ జనం ఉలిక్కిపడ్డారు, ఇది మనదే అని. కేసు అమెరికా కోర్టుకి వెళ్లింది. ఏమైంది? పాట అమెరికాలో కాపీరైట్ కింద నమోదు కాలేదన్న చిక్కు దగ్గరే కేసు ఆగిపోయింది. 2012లో అప్పీలు కోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న ప్రశ్న జ్యూరీ దాకా వెళ్లనే లేదు.

ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. ఎందుకంటే మా ఎడ్లబండికి సౌండ్ లేదని చెల్లెలు అన్న రాత్రే మేం ఏం చేశామో తెలుసా? ఒక హిట్ సినిమా బీజీఎం కోసి పెట్టేశాం. గేమ్ ఆడుతున్న వీడియో అప్‌లోడ్ చేస్తే తెల్లారేసరికి కాపీరైట్ క్లెయిమ్. "పది సెకన్లే కదా వాడింది" అని మా రూమ్మేట్ వాదించాడు. పది సెకన్లు వాడితే పర్వాలేదని చట్టంలో ఎక్కడా లేదు. వాళ్లు పెద్దవాళ్లు కాబట్టి మమ్మల్ని పట్టుకున్నారు. మేం ఏ అనామకుడి ట్యూనో వాడి ఉంటే పట్టుకునేవాడే ఉండడు. అదీ తేడా.

మరి డబ్బు లేని, సంగీతం రాని, సినిమా పాట వాడకూడని వాడు ఏం చెయ్యాలి? జపాన్‌లో డైసుకే అమాయ అనే అతను, పిక్సెల్ అనే పేరుతో, అయిదేళ్లు తీసుకుని ఒంటరిగా కేవ్ స్టోరీ చేశాడు. బొమ్మలు అతనివే, కథ అతనిదే, కోడ్ అతనిదే. సంగీతం కట్టడానికి కూడా సొంత ప్రోగ్రామ్ రాసుకున్నాడు. తనకి కావలసిన సుత్తిని తానే పోత పోసుకున్నట్టు. 2004 డిసెంబర్‌లో ఉచితంగా పంచాడు. ఒక్కడు చేసిన గేమ్ ఎంత దూరం పోగలదో తర్వాతి ఇండీ తరానికి చూపించిన గేముల్లో అదొకటి. దాని సంగీతం విన్నవాళ్లకి గుహలో తేమ వాసన కూడా తగులుతుంది, నాకైతే అంతే.

అయిదేళ్లు మనకెక్కడివి అంటారా, సరే, 48 గంటల కథ వినండి. లూడమ్ డేర్ అని ఒక పోటీ ఉంది, 2002 నుంచి. రెండు రోజుల్లో గేమ్ మొత్తం ఒంటి చేత్తో చెయ్యాలి, సౌండ్‌తో సహా. రెండో రోజు రాత్రికి అందరికీ బొమ్మ కదులుతుంది, చప్పుడు ఉండదు. అచ్చం మా బండిలాగే. 2007 డిసెంబర్ పోటీ కోసం డాక్టర్‌పెటర్ అనే పేరుతో తిరిగే టోమాస్ పెటర్సన్ ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే చిన్న సాధనం చేసిపెట్టాడు. తెరిస్తే ఎడమ పక్కన బటన్లు. నాణెం, లేజర్, పేలుడు, దెబ్బ, ఎగురుడు. నొక్కిన ప్రతిసారీ కొత్త శబ్దం. నచ్చేదాకా నొక్కు, నచ్చింది సేవ్ చెయ్యి. అంతే.

లోపల రికార్డింగులేమీ లేవు. అంతా లెక్కే. ఒక తరంగం తీసుకుని దాని శ్రుతిని పైకి జారిస్తే ఎగిరినట్టు వినిపిస్తుంది. ఒక స్వరం పలికి గభాలున పై స్వరానికి గెంతితే నాణెం. రొదని తీసుకుని కిందకి జారనిచ్చి మెల్లగా ఆర్పేస్తే పేలుడు. నిజంగా మనిషి ఎగిరితే అలాంటి చప్పుడు రాదు, మీకూ తెలుసు. కానీ పాత గేములు మన చెవులకి ఆ భాష నేర్పేశాయి. కోడ్ కూడా అందరికీ వదిలేశాడు. దాన్నుంచి స్టీఫెన్ లావెల్ చేసిన బీఎఫ్‌ఎక్స్‌ఆర్ వచ్చింది, తర్వాత బ్రౌజర్‌లో నడిచేవి వచ్చాయి. ఈ వీడియో చూస్తున్న ఫోన్‌లోనే ఇప్పుడే నొక్కి చూడొచ్చు. అయిదు వందలు పెట్టి ఎవరో అమ్మే సౌండ్ ప్యాక్ కొనే ముందు ఇది ఒకసారి చూడండి, నా మాట వినండి.

2015లో అండర్‌టేల్ వచ్చినప్పుడు టోబీ ఫాక్స్ ఇంకో పొదుపు చూపించాడు. పాత్రలకి డబ్బింగ్ లేదు. మాటలు తెర మీద ఒక్కో అక్షరం పడుతుంటే టిక్ టిక్ మని ఒక చిన్న శబ్దం, ముఖ్యమైన పాత్రలకి ఎవరిది వాళ్లకే. కాసేపటికి ఆ టిక్‌లోనే వాళ్ల గొంతు వినపడ్డం మొదలవుతుంది.

చివరగా ఒక గొడవ. మీరు బ్రౌజర్‌లో ఏదైనా గేమ్ తెరిస్తే "మొదలుపెట్టడానికి తాకండి" అని ఒక పేజీ వస్తుంది చూశారా? అది అందానికి పెట్టింది కాదు. 2018లో క్రోమ్ బ్రౌజర్ 66వ వెర్షన్‌లో ఒక నియమం పెట్టారు, మనం తాకితే తప్ప పేజీ చప్పుడు చెయ్యకూడదని. దానంతటవే మోగే యాడ్ వీడియోల నోరు నొక్కడానికి. మంచిదే. కానీ ఆ దెబ్బకి ఎన్నో పాత వెబ్ గేములు రాత్రికి రాత్రి మూగబోయాయి. వాటిలో కొన్ని చేసినవాళ్లు ఎప్పుడో వదిలేసినవి, బాగుచేసే దిక్కులేనివి. చిన్న డెవలపర్లు గొడవ చేస్తే గూగుల్ ఆ నియమాన్ని గేముల వరకు కొన్ని నెలలు వాయిదా వేసి, తర్వాత కొన్ని మార్పులతో తెచ్చింది. అందుకే ఇప్పుడు ప్రతి గేమ్‌కీ ఆ తాకే పేజీ. దాన్నే ఇంట్రోగా వాడుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. ఎలాగూ తాకాలి కాబట్టి, తాకగానే ప్యాక్‌మ్యాన్‌లా నాలుగు సెకన్లు.

మా ఎడ్లబండికి ఇప్పుడు సౌండ్ ఉంది. మువ్వల చప్పుడు మా ఊళ్లో ఫోన్‌తోనే రికార్డు చేశాం, వెనకాల ఒక ట్రాక్టర్ మోత కూడా పడింది, తియ్యలేకపోయాం. దూకినప్పుడు శబ్దం ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ది. గుంతలు దగ్గరపడేకొద్దీ మువ్వలు వేగంగా మోగుతాయి, అది ఎవరి దగ్గర నేర్చుకున్నామో మీకు తెలుసు. మళ్లీ చెల్లెలికి ఇచ్చాను. పావుగంట ఆడింది. పిన్ని వంటింట్లోంచి "ఆ గంటల గోల ఆపండ్రా" అని అరిచింది.

వచ్చే ఎపిసోడ్‌లో పాత కంప్యూటర్ ల్యాబుల్లో అందరం ఆడిన డేంజరస్ డేవ్ గురించి. ఉంటాను.